పత్రిక ముక్క చెప్పిన జోస్యం

2023 డిసెంబరు 1న అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైన ‘దూత’ ధారావాహిక తొలి భాగంలో, చూసినవారు సులభంగా మరచిపోలేని సన్నివేశం ఒకటి ఉన్నది. ఎడతెరిపి లేని వాన. ‘సమాచార్’ అనే పత్రికకు ప్రధాన సంపాదకుడైన సాగర్ వర్మ కుటుంబంతో కారులో ఇంటికి వెళుతూ దారిలో ఒక ధాబా దగ్గర ఆగుతాడు. అక్కడ అతని చేతికి పాత పత్రిక ముక్క ఒకటి చిక్కుతుంది. అందులో ఒక పదకేళి. ఆ గళ్ళలో నిండిన మాటలు కొద్దిసేపటికే అతని కారుకు జరిగిన ప్రమాదంలో అక్షరాలా నిజమవుతాయి. అక్కడినుండి ఎనిమిది భాగాల కథ అంతా ఇదే సూత్రం మీద నడుస్తుంది. ముందు కాగితం చెబుతుంది, తరువాత మనిషి చస్తాడు.

దర్శకుడు విక్రమ్ కె. కుమార్‌కు ఈ సూత్రం కొత్తది కాదు. 2009లో వచ్చిన ఆయన చిత్రం ‘13బి’లో టెలివిజన్ ధారావాహికలో కనిపించిందే ఇంట్లో జరుగుతూ వస్తుంది. పద్నాలుగేళ్ళ తరువాత టెలివిజన్ స్థానంలోకి పాత పత్రిక వచ్చింది. ఈ మార్పు పైకి కనిపించేంత చిన్నది కాదు. టెలివిజన్ జోస్యం చెబితే అది మాయ అనుకుంటాము. పత్రిక చెబితే మనలో ఏదో ఒక మూల అది సాక్ష్యంలాగా వినిపిస్తుంది. ‘పేపర్లో పడింది’ అన్న మాటకు తెలుగు పల్లెల్లో ఒకప్పుడు ఉన్న అర్థం ‘ఇక తిరుగు లేదు’ అనే. అచ్చయిన మాట మీద తరాలుగా మనకున్న ఆ నమ్మకాన్నే దర్శకుడు భయంగా మార్చాడు. తొలి భాగం బలమంతా అందులోనే ఉన్నది. నాగచైతన్య నటన గురించీ, వాన చప్పుడు గురించీ సమీక్షకులు చెప్పవలసింది చెప్పేశారు. నన్ను నిలిపింది ఆ కాగితం ముక్క.

కథ ముందుకు సాగినకొద్దీ తెలిసేది ఇది. ‘దూత’ అన్నది ఒకనాటి పత్రిక పేరు. నిజాయితీగా బతికిన దాని సంపాదకునికి (పశుపతి ఆ పాత్ర ధరించాడు) ఘోరమైన అన్యాయం జరిగింది. ఆ అన్యాయమే ఇప్పుడు పగగా తిరిగి వచ్చింది. కలాన్ని అమ్ముకున్న పాత్రికేయులు ఒకరి తరువాత ఒకరు, పత్రికా కాగితమే మరణశాసనంగా, కూలిపోతారు. చూసేవానికి ఇందులో ఒక తృప్తి ఉన్నది. నేటి వార్తా సంస్థల మీద జనానికి ఉన్న కసి అంతా ఆ దయ్యం చేతిలో ఆయుధమై పనిచేస్తుంది.

ఆ తృప్తినే కొంచెం నిలదీయవలసి ఉన్నది. ఎందుకంటే మన ఉపఖండపు చరిత్రలో పత్రికలు మరణాన్ని ముందుగా చెప్పిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. కానీ అక్కడ చచ్చినవారు అమ్ముడుపోయినవారు కారు, అమ్ముడుపోనివారు.

సంపాదకుని శరీరం దాకా రాకముందు, పాలకులు చాలాకాలం పత్రిక శరీరంతోనే సరిపెట్టుకున్నారు. 1780 జనవరి 29న కలకత్తాలో జేమ్స్ అగస్టస్ హికీ ప్రారంభించిన ‘బెంగాల్ గెజిట్’ను మన దేశపు తొలి అచ్చు వార్తాపత్రికగా లెక్కిస్తారు. వారన్ హేస్టింగ్స్ మీద రాతలకు హికీ జైలుకు వెళ్ళాడు. అక్కడినుండి కూడా పత్రిక నడిపాడు. చివరకు 1782లో ముద్రణ సామగ్రినే స్వాధీనం చేసుకుని నోరు మూయించారు. దాదాపు వందేళ్ళ తరువాత, 1878లో, లిట్టన్ ప్రభుత్వం దేశభాషా పత్రికల చట్టం తెచ్చింది. ఆంగ్ల పత్రికలకు అది వర్తించదు. బెంగాలీలో వస్తూ ఉన్న ‘అమృత బజార్ పత్రిక’ రాత్రికి రాత్రి ఆంగ్ల పత్రికగా మారి ఆ వలనుండి తప్పించుకున్నది. ఆ చట్టం రిప్పన్ కాలంలో రద్దయింది గాని దాని వెనుక ఉన్న బుద్ధి రద్దు కాలేదు.

1897లో ‘కేసరి’ రాతలకు బాలగంగాధర తిలక్‌కు పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. 1908లో మళ్ళీ ఆరేళ్ళు, మాండలే జైలులో. అదే ఏడాది మన విజయవాడలో ‘స్వరాజ్య’ వారపత్రిక నడుపుతూ ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు, తిరునెల్వేలి కాల్పుల నేపథ్యంలో విదేశీ పాలనను పులితో పోల్చిన వ్యాసానికి రాజద్రోహం కింద జైలుకు వెళ్ళారు. కింది కోర్టు ఆరు నెలలు వేస్తే, అది చాలదని ప్రభుత్వం పైకోర్టుకు వెళ్ళి మూడేళ్ళు చేయించింది. తెలుగునాట తొలి రాజకీయ ఖైదీగా ఆయనను చెప్పుకోవడం ఆనవాయితీ. 1910 పత్రికా చట్టం వచ్చాక శిక్షలకు బదులు ధరావత్తులు ముందుకు వచ్చాయి. మౌలానా ఆజాద్ 1912లో ఉర్దూలో ప్రారంభించిన ‘అల్ హిలాల్’ను మూయడానికి తుపాకీ అవసరం రాలేదు. కట్టిన 2,000 రూపాయల ధరావత్తును స్వాధీనం చేసుకుని, మరో 10,000 కట్టమన్నారు. అంతటితో పని పూర్తయింది.

ఈ పాత కథలన్నిటిలో ఒక సౌలభ్యం ఉన్నది. చంపేవాడు ఎవరో తెలుసు. ఉత్తర్వు మీద సంతకం ఉన్నది, ముద్ర ఉన్నది, తేదీ ఉన్నది. సంపాదకుడు కోర్టులో నిలబడి మాట్లాడే వీలు ఉన్నది. తిలక్ విచారణ, గాడిచర్ల విచారణ దేశం వినే పాఠాలయ్యాయి. కాగితాన్ని చంపే ఈ పద్ధతినుండి మనిషిని చంపే పద్ధతికి మారినప్పుడు సంతకం మాయమైంది. అచ్చంగా అక్కడే, దయ్యం కథలకు చోటు ఏర్పడింది.

ఆ మార్పుకు మన నేల మీదనే ఒక స్పష్టమైన రాత్రి ఉన్నది. మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టిన షోయబుల్లాఖాన్ ఉర్దూ పాత్రికేయుడు. మందుముల నరసింగరావు ‘రయ్యత్’లో పనిచేశారు. నిజాం ప్రభుత్వం దానిని మూయించాక, బూర్గుల రామకృష్ణారావు వంటివారి అండతో 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ దినపత్రిక ప్రారంభించారు. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరాలన్నది ఆ పత్రిక వాదన. రజాకార్ల దౌర్జన్యాలను పేరుపెట్టి రాయడం దాని అలవాటు. 1948 ఆగస్టులో, సంస్థానం యూనియన్‌లో చేరాలని కోరుతూ ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ‘ఇమ్రోజ్’ అచ్చువేసింది. ఎదిరించి రాసే చేతులు తెగిపడతాయని రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ బహిరంగ సభలో హెచ్చరించినట్లు ఆనాటివారు నమోదు చేశారు. ఆగస్టు 21 రాత్రి కాచిగూడలోని కార్యాలయంనుండి ఇంటికి వెళుతూ ఉండగా షోయబుల్లాఖాన్ మీద కాల్పులు జరిపి, చేయి నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డారు. ఆగస్టు 22 తెల్లవారుజామున సంపాదకుడు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు. సరిగ్గా ఇరవై రెండు రోజులకు, సెప్టెంబరు 13న, భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది.

‘దూత’లోని పదకేళిని ఇక్కడ పెట్టి చూడండి. జోస్యం ఉన్నది. అది బహిరంగంగా, వేదిక మీదనుండి, జనం వినగా చెప్పిన జోస్యం. దానిని విప్పడానికి గళ్ళు నింపవలసిన అవసరం లేదు. నిజమైనప్పుడు ఎవరూ నివ్వెరపోవలసిన అవసరమూ లేదు. ఇక న్యాయం సంగతి. ఏళ్ళ తరబడి కాసిం రజ్వీ అనుభవించిన జైలు బీబీనగర్ దోపిడీ కేసులోనిది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయి, 1970లో అక్కడే మరణించాడు. కాచిగూడ రాత్రి మాత్రం ఏ తీర్పులోనూ పూర్తిగా ముగియలేదు.

ఈ కథను ఏటా సెప్టెంబరు 17న మరొకసారి చెప్పవలసి వస్తూ ఉన్నది. ఆ రోజు విమోచనమా, విలీనమా, సమైక్యతా అని పార్టీలు వాదించుకుంటాయి. 2022నుండి కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం మరొక పేరుతో పక్కపక్కనే వేడుకలు జరిపిన సందర్భాలు చూశాము. ఆ వాదనను మతాల మధ్య వాదనగా కుదించాలనుకునేవారికి షోయబుల్లాఖాన్ చాలా ఇబ్బందికరమైన మనిషి. ఆయన ముస్లిం. రాసింది ఉర్దూలో. కోరింది భారతదేశంలో విలీనం. చంపినవారు తాము ముస్లింల రక్షకులమని చెప్పుకున్నవారు. దయ్యమై తిరిగి వచ్చినా ఆయన ఏ పార్టీ వేదిక మీదా ఇమడడు. అందువల్లనే కాబోలు, విగ్రహాల పోటీలో ఆయన పేరు ఎప్పుడూ వెనుక వరుసలోనే ఉంటుంది.

సరిహద్దు దాటి చూసినా ఇదే రీతి కనిపిస్తుంది. పాకిస్తాన్‌లో సలీం షహజాద్ సైన్యంలోకి తీవ్రవాదులు చొరబడిన తీరు మీద పరిశోధించి రాసినవాడు. 2010 అక్టోబరులో గూఢచార సంస్థ కార్యాలయంలో తనకు ఎదురైన అనుభవాన్ని ఒక ఈమెయిల్‌లో రాసి హ్యూమన్ రైట్స్ వాచ్‌కు పంపాడు. తనకు ఏమైనా జరిగితే దానిని బయటపెట్టమన్నాడు. 2011 మే 29న ఇస్లామాబాదులో ఒక టెలివిజన్ కార్యక్రమానికి వెళుతూ మాయమయ్యాడు. రెండు రోజులకు శవం దొరికింది. ఈమెయిల్ బయటికి వచ్చింది. తన ప్రమేయం లేదని గూఢచార సంస్థ ఖండించింది. న్యాయ విచారణ సంఘం 2012 జనవరిలో తన నివేదిక ఇచ్చింది. దోషులు ఎవరో అది తేల్చలేదు.

శ్రీలంకలో జరిగింది ఇంకా విడ్డూరం. ‘సండే లీడర్’ సంపాదకుడు లసంత విక్రమతుంగె 2009 జనవరి 8న పట్టపగలు కొలంబో శివారులో, కార్యాలయానికి వెళ్ళే దారిలో, దాడికి గురై మరణించాడు. యుద్ధపు చివరి నెలలవి. ఆయుధాల కొనుగోళ్ళలో అవినీతి గురించి ఆయన పత్రిక రాస్తూ ఉన్నది. మూడు రోజుల తరువాత, జనవరి 11న, అదే పత్రికలో ఆయన సంపాదకీయం అచ్చయింది. అది తన హత్య గురించి తానే ముందుగా రాసిపెట్టుకున్న సంపాదకీయం. తాను చంపబడతానని, చంపేది ప్రభుత్వమేనని అందులో చెప్పాడు. తనకు ఒకనాటి మిత్రుడైన అధ్యక్షుడు మహింద రాజపక్సను నేరుగా సంబోధించాడు. విచారణ జరుపుతామని మీరు ప్రకటిస్తారు, కానీ ఇంతకు ముందరి విచారణల మాదిరిగానే దానినుండి కూడా ఏమీ రాదు అన్న భావం అందులో ఉన్నది. 2016లో శవాన్ని వెలికితీసి మళ్ళీ పరీక్షించారు. ప్రభుత్వాలు మారాయి. 2022లో జనం రాజపక్సల భవనాలలోకే నడిచి వెళ్ళారు. హంతకులకు మాత్రం శిక్ష పడలేదు. సంపాదకీయంలోని రెండో జోస్యం మొదటి దానికన్నా కచ్చితంగా ఫలించింది.

చనిపోయిన సంపాదకుడు పత్రికలో మాట్లాడడం అన్నది విక్రమ్ కుమార్ కథలో అతీంద్రియం. కొలంబోలో అది ఒక ఆదివారపు సంచిక.

బెంగళూరులో 2017 సెప్టెంబరు 5న తన ఇంటి ముందు హత్యకు గురైన గౌరీ లంకేశ్ విషయంలోనూ ఇటువంటి నీడ ఉన్నది. ఆమె తన కన్నడ వారపత్రికకు రాసిన చివరి సంపాదకీయం అబద్ధపు వార్తలు ఎలా తయారవుతాయో, ఎవరు వాటిని పంచుతారో అన్నదాని మీద. హత్య తరువాతనే అది అనేక భాషల్లోకి వెళ్ళి దేశమంతా చదివింది. బతికి ఉండగా కొన్ని వేలమంది చదివే పత్రిక, చావుతో లక్షలమందికి చేరింది. ఈ లెక్కలో మనకు గర్వించదగినది ఏమీ లేదు.

ఇప్పుడు ‘దూత’ ఇచ్చే తృప్తి దగ్గరికి తిరిగి వద్దాము. అవినీతి పాత్రికేయుడు చస్తే ప్రేక్షకుడు ఎందుకు సంతోషిస్తాడు? ఆ కసికి కారణం లేదని ఎవరూ అనలేరు. 2009 సార్వత్రిక ఎన్నికల తరువాత డబ్బుకు వార్తలు అమ్ముకున్న వ్యవహారం బయటపడినప్పుడు, ఆంధ్రప్రదేశ్ అందులో ముందు వరుసలో నిలిచింది. దీనిపై ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తాతోపాటు మన కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. వారు పత్రికలను పేరుపెట్టి చెప్పిన 71 పుటల నివేదిక తయారుచేశారు. 2010లో కౌన్సిల్ దానిని పక్కనపెట్టి, పేర్లు లేని కురచ నివేదికను విడుదల చేసింది. సమాచార హక్కు కింద కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక గాని, 2011లో, అసలు నివేదిక వెలుగు చూడలేదు. పత్రికల మీద నివేదికను పత్రికల ప్రతినిధులే దాచిపెట్టడం కన్నా పెద్ద నేరకథ ఏ రచయిత ఊహించగలడు?

కానీ ఆ నివేదిక చదివినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. ఎన్నికల ‘ప్యాకేజీ’లను అమ్మింది ఎక్కడో బలహీనపడిన విలేఖరి ఒక్కడే కాదు. ధరల పట్టిక తయారుచేసింది సంస్థ, డబ్బు లెక్క చూసింది ప్రకటనల విభాగం, లాభం చేరింది యజమానికి. జీతం లేకుండా, ప్రకటనలు తెస్తే కమీషన్ అన్న ఒప్పందం మీద మండల విలేఖరిని నియమించిన పద్ధతిలోనే అవినీతి బీజం ఉన్నది. ‘దూత’ ఈ యంత్రాన్ని ముట్టుకోదు. దయ్యానికి మనుషులు కావాలి, మెడలు కావాలి. బోర్డు తీర్మానం మెడ పట్టుకునే దయ్యం ఇంకా పుట్టలేదు. 1910లో ధరావత్తు చేసిన పనిని నేడు ప్రకటనల నిలిపివేత, పన్నుల దాడి, యాజమాన్యపు మార్పు చేస్తూ ఉన్నాయి. పాత్రికేయుడిని ఒంటరి పాపిగా చూపించే కథ, ఈ మూడింటికీ తెలియకుండానే ముసుగు కప్పుతుంది.

ఇందులో ఇంకొక ప్రమాదం ఉన్నది. పాత్రికేయులందరూ అమ్ముడుపోయారన్న మాట జనం నోట నానినకొద్దీ, అమ్ముడుపోనివాడు చచ్చినప్పుడు జనం చలించడం తగ్గిపోతుంది. ‘వాళ్ళూ వాళ్ళూ ఏదో గొడవ’ అన్న మాటతో సరిపోతుంది. బస్తర్‌లో ‘బస్తర్ జంక్షన్’ అనే యూట్యూబ్ చానెల్ నడిపిన ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న బీజాపూర్‌లో మాయమయ్యాడు. ఒక రోడ్డు పనిలో అవినీతి గురించిన కథనం అంతకు ముందే బయటికి వచ్చింది. జనవరి 3న ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలో, కొత్తగా సిమెంటు వేసి మూసిన సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ప్రధాన నిందితుడిని పోలీసులు పట్టుకున్నది మన హైదరాబాదులోనే. ఒకటి రెండు వారాలు మన తెరల మీద ఆ పేరు నడిచింది. తరువాత ఆ కేసు ఎక్కడిదాకా వచ్చిందని అడిగినవారు ఎందరు?

పాత్రికేయుల హత్యలలో ప్రపంచవ్యాప్తంగా నూటికి 85 కేసులు శిక్ష లేకుండానే మిగిలిపోతూ ఉన్నాయని యునెస్కో 2024 నివేదిక చెప్పింది. ఐక్యరాజ్యసమితి 2013లో నవంబరు 2ను ఈ శిక్షారాహిత్యానికి వ్యతిరేక దినంగా ప్రకటించినది అందుకే. హంతకునికి తాను దొరకనన్న ధైర్యం ఎక్కడినుండి వస్తుందో ఆ ఒక్క అంకె చెబుతుంది. చంపినవానికి శిక్ష పడిన ప్రతి కేసు, తరువాతి హత్యను కొంతైనా ఆపుతుంది. శిక్ష పడని ప్రతి కేసు, తరువాతి హత్యకు అనుమతి పత్రంగా పనిచేస్తుంది. షోయబుల్లాఖాన్‌కు వేదిక మీదనుండి, షహజాద్‌కు మూసిన గదిలో హెచ్చరికలు అందాయి. లసంతకు వెనుకటి హత్యల విచారణలే చాలినంత చెప్పాయి. ఆ ముగ్గురూ జోస్యులు కారు. శిక్ష లేని సమాజంలో ఏమి జరుగుతుందో లెక్కకట్టగలిగినవారు, అంతే.

రాజ్యం సంగతి కూడా ఒక మాట. తిలక్‌నూ గాడిచర్లనూ జైలుకు పంపిన రాజద్రోహ సెక్షన్ 124-ఎ అమలును 2022 మేలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2024 జూలై 1నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ‘రాజద్రోహం’ అన్న మాట లేదు. సెక్షన్ 152 ఉన్నది. దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు, సమగ్రతకు భంగం అన్న విశాలమైన మాటలతో, యావజ్జీవం దాకా శిక్షతో. రాసినవానిని శిక్షించే చట్టం ఇంత శ్రద్ధగా తరం మారి తిరగరాయబడినప్పుడు, రాసినవానిని చంపినవానిని పట్టుకునే యంత్రాంగం మాత్రం 1948లో ఉన్నచోటనే ఎందుకు ఉన్నదన్నది పార్లమెంటును అడగవలసిన ప్రశ్న.

‘దూత’ చూడవద్దని నా ఉద్దేశం కాదు. తొలి భాగం తెలుగు తెర మీద పత్రికకు దక్కిన అరుదైన గౌరవం. అచ్చయిన మాటకు ప్రాణం ఉంటుందని, దానికి లెక్క చెప్పవలసి వస్తుందని అది నమ్మింది. చనిపోయిన సంపాదకుడు దయ్యమై రావలసి వచ్చింది అంటే, బతికి ఉన్న కోర్టులు, పోలీసులు, పాఠకులు అతనికి ఏమీ చేయలేదన్న ఒప్పుకోలు ఆ కథలోనే ఉన్నది. ఆ ఒప్పుకోలును మనం వినోదంగా తీసుకుని వదిలేయవచ్చు, లేదా ఫిర్యాదుగా తీసుకోవచ్చు.

ఫిర్యాదుగా తీసుకునేవారికి పని ఎదురుగానే ఉన్నది. గౌరీ లంకేశ్ హత్య కేసు విచారణ 2022 జూలైలో బెంగళూరులో మొదలైంది. సాక్షుల సంఖ్య వందలలో ఉన్నది. నిందితులలో అత్యధికులు బెయిలు మీద బయటికి వచ్చారు. వారికి కొన్నిచోట్ల పూలదండలతో స్వాగతం లభించింది. ఆ కోర్టు గదిలో వానా లేదు, నేపథ్య సంగీతమూ లేదు. వాయిదాలు మాత్రం ఉన్నాయి. ఎనిమిది భాగాలను ఒక్క రాత్రిలో చూడగలిగిన మనకు, ఆ వాయిదాలను ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుని, మన ప్రాంతపు పత్రికలను ‘ఆ కేసు ఏమైంది’ అని అడిగే ఓపిక ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. షోయబుల్లాఖాన్ కేసును అలా అడిగినవారు లేకపోవడం వల్లనే అది డెబ్బై ఏళ్ళకు పైగా అలా మిగిలిపోయింది.